ఇంజిన్ ఎక్కింది, గేర్‌బాక్స్ ఎక్కింది, యాక్సిలే అందలేదు

మారుతీ 800లో ఎస్టీమ్ 1.3 ఇంజిన్ పెట్టిన బళ్ళు మన దేశంలో ర్యాలీలవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఫొటోలు చూసి, వీడియోలు చూసి, మనమూ చేసేద్దాం అనుకుని రెండేళ్ళ కిందట మొదలుపెట్టాను. ఉద్యోగం హైదరాబాద్‌లో, బండి విజయవాడ ఎనికేపాడులో మా మావయ్య వాళ్ళ షెడ్డులో, మధ్యలో శుక్రవారం రాత్రి బస్సు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి ఒకే బండి లోంచి దింపిన సెట్టు దొరికింది. మౌంట్లు చేయించాం, చెయిన్ బ్లాకుతో దింపాం, చూడ్డానికి కంపెనీలోనే పెట్టినట్టు కూర్చుంది. ఆ రోజు సాయంత్రం అందరం పునుగులు తెప్పించుకుని తిన్నాం. తొంభై శాతం పని అయిపోయిందనుకున్నాం. ఆ మిగిలిన పది శాతానికి పద్నాలుగు నెలలు పట్టింది, అదంతా యాక్సిళ్ళే.

ముందే ఒక మాట. ఇది రోడ్డు మీద తిరిగే బండి కాదు. ఆర్సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇది లారీ ఎక్కి గ్రౌండుకి వెళ్తుంది, మట్టి ట్రాకు మీద పెట్టే ఆటోక్రాస్ పోటీల్లో తిరుగుతుంది, లారీ ఎక్కి వెనక్కి వస్తుంది. అడ్డదారులు చెప్పమని మెసేజీలు పెట్టకండి.

ఇప్పుడు అసలు గొడవ. ఇంజిన్ ముందు చక్రాలని నడిపే బండిలో యాక్సిల్ అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్ళే డ్రైవ్ షాఫ్ట్. అది మూడు ముక్కలు. గేర్‌బాక్స్ వైపు ఒక జాయింటు, చక్రం వైపు ఒక జాయింటు, మధ్యలో కడ్డీ. బయటి జాయింటు చక్రంతో పాటు పక్కకి తిరగాలి, అంటే నలభై డిగ్రీల పైన కోణం తట్టుకోవాలి, కానీ పొడవు మారనక్కర్లేదు. లోపలి జాయింటుకి అంత కోణం అక్కర్లేదు, కానీ చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడల్లా కడ్డీ లోపలికి బయటికి జరగాలి, ఆ జరుగుడంతా ఇక్కడే. అందుకే బయట ఆరు బంతుల జాయింటు ఉంటుంది, లోపల సాధారణంగా మూడు రోలర్ల ట్రైపాడ్ ఉంటుంది. మనవాళ్ళు రెంటినీ కలిపి సీవీ జాయింట్ అనేస్తారు. పాత జీపులో ఇంజిన్ బలాన్ని వెనక చక్రాల వైపు తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టుకి ఉండే క్రాస్ జాయింటు ఇక్కడ పనికిరాదా అని మా తమ్ముడు అడిగాడు, మంచి ప్రశ్నే. ఒక్క క్రాసుని 30 డిగ్రీలు వంచి తిప్పితే అవతలివైపు వేగం ప్రతి చుట్టుకీ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, అదీ ఓ పదమూడు శాతం కిందకి, పదిహేను శాతం పైకి. ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు క్రాసులు ఒకే వరసలో పెట్టి ఒకదాని తప్పు ఇంకోదానితో కొట్టేయిస్తారు, కానీ స్టీరింగ్ తిరిగే చక్రం దగ్గర రెండు కోణాలూ ఎప్పుడూ సమానంగా ఉండవు కదా. ఫోర్డులో పనిచేసిన ఆల్ఫ్రెడ్ జెప్పా 1920ల్లో ఆ ఆరు బంతుల జాయింటుని తయారుచేశాడు, 1959లో బ్రిటన్ మినీ కారులో అది పెట్టాకే చిన్న కార్లలో ఇంజిన్‌తో ముందు చక్రాలని నడపడం మామూలు సంగతి అయింది. మన 800 కూడా ఆ దారిలో వచ్చిందే.

నా బండిలో చిక్కేమిటంటే, చక్రాలు బిగించే హబ్బులు 800వి, గేర్‌బాక్స్ ఎస్టీమ్‌ది. 800 షాఫ్టు గేర్‌బాక్సులో కూర్చోదు. ఎస్టీమ్ షాఫ్టు గేర్‌బాక్సులో టక్కున కూర్చుంటుంది, కానీ ఎస్టీమ్ ఐదారు అంగుళాలు ఎక్కువ వెడల్పున్న బండి, దాని షాఫ్టు 800 ఫెండర్ బయటికి వచ్చేస్తుంది, పైగా 800 హబ్బులో దూరదు. పైపెచ్చు మూడు సిలిండర్ల ఇంజిన్ ఉన్న చోట నాలుగు సిలిండర్లది అడ్డంగా పెడితే గేర్‌బాక్స్ ఒక పక్కకి జరుగుతుంది, దాంతోపాటు రెండు షాఫ్టులూ వచ్చి కూర్చునే డిఫరెన్షియలూ జరుగుతుంది. గేర్‌బాక్స్ వైపు షాఫ్టు పొట్టిదైపోయింది, ఇంజిన్ వైపుది పొడుగైపోయింది. అంటే ఏ బండి షాపుకి వెళ్ళి అడిగినా దొరికే వస్తువు కాదు.

ఆటోనగర్‌లో మా బాబాయ్ ఒకాయన ఉన్నాడు, నిజం బాబాయ్ కాదు, అక్కడ అందరికీ బాబాయే. నలభై ఏళ్ళుగా బళ్ళు విప్పుతున్నాడు. ఆయన దగ్గరికి రెండు షాఫ్టులూ పట్టుకెళ్తే టీ తాగుతూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏముందయ్యా, ఇది ఇక్కడ కోసి, అది అక్కడ కోసి, మధ్యలో పైపు తొడిగి వెల్డింగ్ కొట్టేద్దాం, సాయంత్రానికి పట్టుకుపో" అన్నాడు. నేను తలూపాను. నాకూ తెలీదు, పైగా సాయంత్రానికే అన్న మాట చెవికి ఇంపుగా వినపడింది.

ఆ వెల్డింగు షాఫ్టు షెడ్డు చుట్టూ బాగానే తిరిగింది. మొదటి రోజు ప్రాక్టీసులో గ్రౌండు మట్టిలో చక్రాలు గిర్రున తిరుగుతూ ఉండగా బండి కాస్త పక్కకి జారి, అక్కడ ఉన్న పాత సిమెంటు ప్లాట్‌ఫారం మీదకి ఎక్కింది. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. ఇంజిన్ అరుస్తోంది, బండి కదలదు. కింద చూస్తే వెల్డింగ్ చెక్కుచెదరలేదు, దాని పక్కన పావు అంగుళం దూరంలో కడ్డీ చాకుతో కోసిన చెరుకు గడలా విరిగి ఉంది. బాబాయ్ ఆ ముక్క చూసి "నా వెల్డింగ్ పోలేదు చూశావా" అన్నాడు. నిజమే, పోలేదు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. ఈ ఇంజిన్ టార్కు, అంటే మెలితిప్పే బలం, 105 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ఫస్ట్ గేరులో సుమారు మూడున్నర రెట్లు, ఫైనల్ డ్రైవులో సుమారు నాలుగు రెట్లు. గుణిస్తే 1470. రెండు షాఫ్టులకి పంచితే ఒక్కోదానికి 735. అసలు 800 ఇంజిన్ టార్కు అరవై దగ్గరే ఉండేది, కాబట్టి పాత జాయింట్ల మీద భారం చాలా పెరిగింది అని భయపడతాం. కానీ అంత భారం చక్రం దాకా వెళ్ళదు, ఎందుకంటే టైరు ముందే జారిపోతుంది. ముందు చక్రం ఒక్కోదాని మీద 210 కిలోలు, టైరు సగం వ్యాసం పావు మీటరు, పొడి తారు మీద పట్టు 0.9 అనుకుంటే సుమారు 465 న్యూటన్ మీటర్లకే టైరు జారాలి. మట్టిలో అయితే 250, 260కే జారుతుంది. మరి ఎందుకు విరిగింది? మట్టిలో చక్రం వేగంగా తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారిగా సిమెంటు దొరికి పట్టేసింది. చక్రం ఆగింది, ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన ఫ్లైవీలు ఆగలేదు. ఆ దెబ్బ ఈ లెక్కల్లో దేనికీ అందదు. దానికి తోడు ఈ కడ్డీలు మామూలు ఇనుము కావు, కార్బన్ ఎక్కువుండి పైన గట్టిపరిచిన ఉక్కు. దాన్ని వెల్డింగు వేడికి గురిచేస్తే వెల్డింగు పక్కనున్న మేర కొంత పెళుసెక్కుతుంది, కొంత మెత్తబడుతుంది, పాత గట్టిదనం పోతుంది. విరిగింది సరిగ్గా అక్కడే.

ఇక్కడ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నదేమిటంటే, రెండు చివర్లలో దేన్నీ మార్చకూడదు. గేర్‌బాక్స్ వైపు జాయింటు ఆ గేర్‌బాక్స్ ఏ బండిదో ఆ బండిదే ఉండాలి, ఎందుకంటే అక్కడ స్ప్లైన్ (చుట్టూ పళ్ళలా కోసిన గాళ్ళు) ఒక్కటే కాదు, షాఫ్టు ఊడి రాకుండా పట్టే సర్‌క్లిప్ గాడి, ఆయిల్ సీల్ పెదవి రాసుకునే చోటు వ్యాసం, అన్నీ కుదరాలి. చక్రం వైపు జాయింటు ఆ హబ్బు ఏ బండిదో ఆ బండిదే. మారాల్సింది మధ్య కడ్డీ ఒక్కటే. దానికి ఒక చివర ఎస్టీమ్ ట్రైపాడ్‌కి సరిపోయే స్ప్లైన్, ఇంకో చివర 800 బయటి జాయింటు లోపలి రింగుకి సరిపోయే స్ప్లైన్, మధ్యలో మన బండికి కావాల్సిన పొడవు. ఇంత తేలిక మాట చెప్పడానికి నాకు విరిగిన ముక్క కావాల్సి వచ్చింది.

స్ప్లైన్ దగ్గర ఇంకో బోల్తా. ఏ బండికి ఎన్ని పళ్ళో ఇక్కడ రాయను, మోడల్‌ని బట్టి, ఏడాదిని బట్టి తేడాలుంటాయి, మీ చేతిలో ఉన్నదే మీరు లెక్కపెట్టుకోండి. కానీ పళ్ళు లెక్కపెట్టి సరిపోయాయని సంబరపడొద్దు. పాత ఇనుము కొట్లో తెచ్చిన వేరే బండి కడ్డీకి పళ్ళ సంఖ్య అచ్చంగా సరిపోయింది. ట్రైపాడ్‌లోకి దూర్చితే మూడో వంతు వెళ్ళి బిగుసుకుంది. పక్కనున్న కుర్రాడు సుత్తి అందుకున్నాడు, ఆపాను. పళ్ళ సంఖ్య ఒకటే అయినా వ్యాసం వేరు కావచ్చు, పన్ను వాలు కోణం 30 డిగ్రీలు కావచ్చు, 45 కావచ్చు. వాలు సరిపోకపోతే సుత్తితో కొట్టి ఎక్కించినా పన్ను మొత్తం ఆనదు, ఒక అంచు మీదే భారం పడి వారంలో అరిగిపోతుంది. కొలవడానికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీసుకుని, వాటి వెనక నున్నటి భాగాలని ఎదురెదురు గాళ్ళలో పెట్టి, పైనుంచి మైక్రోమీటరుతో కొలవండి. రెండు కడ్డీల్లో ఆ కొలత తేడా వస్తే అక్కడితో ఆ కథ అయిపోయినట్టే. సమానంగా వస్తే మాత్రం అయిపోయినట్టు కాదు, అప్పుడు చేత్తో తోసి చూడాలి. బేసి పళ్ళుంటే సరిగ్గా ఎదురుగా గాడి ఉండదు, దగ్గరి దాంట్లో పెట్టి రెండిటికీ ఒకేలా కొలవండి.

తరవాత పొడవు. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు, "పాతది కొలిచి రెండు అంగుళాలు తగ్గించు" అంటారు. పాతదానికీ దీనికీ సంబంధం ఏముంది? నేను చేసింది ఇది. చక్రాన్ని మోసే స్ట్రట్ లోంచి స్ప్రింగు తీసేసి ఉత్త డ్యాంపరుతో (షాక్ అబ్జార్బరుతో) బిగించాను, అప్పుడు చక్రాన్ని జాకీతో ఎటు కావాలంటే అటు కదపొచ్చు. ఒకదాంట్లో ఒకటి జారే రెండు కరెంటు పైపులు తీసుకుని, ఒకదాని చివర ట్రైపాడ్ మధ్యలో, ఇంకోదాని చివర బయటి జాయింటు మధ్యలో ఆనేలా చెక్క ముక్కలతో కుదిర్చాను. ఇక జాకీ ఎత్తడం, దించడం, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పడం, ప్రతిచోటా పైపు మీద మార్కరుతో గీత గీయడం. ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా అయింది. పొట్టి వైపు వచ్చిన కొలతలు: చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు 317 మి.మీ., బండి నేల మీద మామూలుగా నిలబడ్డప్పుడు 306, పూర్తిగా పైకి నొక్కినప్పుడు 293. అంటే 24 మి.మీ. తేడా. వేలాడినప్పుడు కోణం 22 డిగ్రీలు. ఫోనులో ఉండే కోణాలు చూపే యాప్ దీనికి చాలు, పైపు మీద పెడితే చూపిస్తుంది.

ఆ రెండు అంకెలూ నాకు నచ్చలేదు. ట్రైపాడ్ రోలర్లు జరిగే కప్పులో అంత దూరం జరిగేందుకు చోటు ఉంటుంది గానీ రెండు చివర్లా మిగులు దాదాపు ఉండదు. ఒక చివర కడ్డీ కప్పు అడుగుకి తగిలితే డిఫరెన్షియల్ బేరింగుల మీద సుత్తి దెబ్బ, రెండో చివర రోలర్లు కప్పు లోంచి బయటికి వచ్చేస్తాయి. ట్రైపాడ్‌కి ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే కష్టం, నేను దాని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎందుకిలా అని చూస్తే తప్పు షాఫ్టుది కాదు, ఇంజిన్ మౌంట్లది. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంపు ఏ రాయికీ తగలకూడదని గేర్‌బాక్సుని ఎత్తుగా పెట్టించాను. డిఫరెన్షియల్ మధ్య బిందువు హబ్బు మధ్య కంటే 60 మి.మీ. పైన ఉంది. పునుగులు తిని పండగ చేసుకున్న ఆ మౌంట్లే.

కోసి మళ్ళీ చేయించాం. గేర్‌బాక్సుని 25 మి.మీ. దించాం, సంపు కింద మూడు మి.మీ. ప్లేటు వేయించాం. చక్రం మరీ కిందకి వేలాడకుండా నైలాన్ పట్టీ ఒకటి కట్టాం, దాంతో కింద 15 మి.మీ. తగ్గింది. మళ్ళీ పైపులు పెట్టి కొలిస్తే 307, 302, 295. తేడా సగానికి పడిపోయింది, కోణం 15 డిగ్రీలకి వచ్చింది. పైనుంచి చూసి కూడా కొలవండి అని చెప్పడం మర్చిపోయాను. డిఫరెన్షియల్ హబ్బుకి ముందుకో వెనక్కో ఉంటే అదీ కోణమే, ఈ రెండూ కలుస్తాయి. నాది ఓ సెంటీమీటరు ముందుకి ఉంది, దాన్ని వదిలేశాను.

కడ్డీ తయారీకి ఈఎన్24 అనే రకం ఉక్కు తీసుకున్నాం. ఆటోనగర్‌లో ఈఎన్8 అడిగితే వెంటనే ఇస్తారు, చవక, కానీ ఈ పనికి నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉన్న ఈఎన్24 మేలు, అదీ ముందే గట్టిపరిచి అమ్మే రకం తీసుకుంటే స్ప్లైన్ కోశాక మళ్ళీ కొలిమిలో పెట్టి వంకర తెచ్చుకునే బాధ ఉండదు. మొదట ఇచ్చిన లేత్ షాపులో కడ్డీని కొలత ప్రకారం కొద్దికొద్దిగా తిప్పే ఇండెక్సింగ్ హెడ్ మీద ఒక్కో గాడీ కోశారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది, జాయింటులో పెడితే లొడలొడ. డబ్బు పోయింది, నెల పోయింది. వాళ్ళనేమీ అనను, వాళ్ళ దగ్గర ఉన్న కట్టరు అది. రెండోసారి పళ్ళన్నీ ఒకే వరసలో కోసే హాబింగ్ మెషిన్ ఉన్న గేరు కటింగ్ షాపుకి వెళ్ళాను, జాయింట్లు కూడా అక్కడే వదిలిపెట్టి, "డ్రాయింగు కాదు, దీనికి బిగుతుగా కూర్చోవాలి" అని చెప్పాను. అలా చెప్పడమే నయం.

ఆ మేస్త్రీ గారితో ఒక్క విషయంలో వాదన అయింది. కడ్డీ మధ్య భాగం స్ప్లైన్ గాళ్ళ అడుగు వ్యాసం కంటే ఓ పిసరు సన్నగా తిప్పమన్నాను. "సన్నం చేస్తే బలం తగ్గదా సార్" అన్నారాయన. మామూలుగా చూస్తే ఆయన మాటే సరి, వ్యాసం 22 నుంచి 24కి పెంచితే కడ్డీ తట్టుకునే మెలి ముప్పై శాతం పెరుగుతుంది. కానీ మధ్య భాగం లావుగా ఉండి స్ప్లైన్ దగ్గర ఒక్కసారి సన్నబడితే మెలి అంతా ఆ గాళ్ళు ముగిసే చోటే పడుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. మధ్య భాగమే కాస్త సన్నగా ఉంటే కడ్డీ మొత్తం కొద్దికొద్దిగా మెలిక తిరిగి దెబ్బని మింగుతుంది. కంపెనీ షాఫ్టు ఒకటి తెచ్చి చూపించాను, ఆయన వెర్నియర్ పెట్టి చూసుకుని ఏమీ అనకుండా తిప్పేశారు. మెట్టు దగ్గర పదునైన మూల లేకుండా గుండ్రంగా చేయమన్నది మాత్రం నేను చెప్పకముందే చేశారు.

బ్యాలెన్సింగ్ చేయించాలా అని చాలామంది అడుగుతారు. ఈ టైర్లతో వంద కిలోమీటర్ల వేగంలో ఈ షాఫ్టు నిమిషానికి వెయ్యి చుట్లు పైన కాస్త తిరుగుతుంది, అంతే. వెనక చక్రాల బండి ప్రొపెల్లర్ షాఫ్టు సంగతి వేరు. వంకర లేకుండా ఉంటే చాలు.

మధ్యలో చేసిన ఒక తెలివితక్కువ పని కూడా రాస్తాను. షాఫ్టులు షాపులో ఉన్నప్పుడు బండిని షెడ్డు లోంచి బయటికి తోశాం, వాన నీళ్ళు వస్తున్నాయని. బయటి జాయింటు కాడ హబ్బులోంచి వెళ్ళి నట్టు బిగిస్తేనే ముందు చక్రం బేరింగు కుదురుగా పట్టుకుని ఉంటుంది. అది లేకుండా బండి బరువు వేసి తోస్తే బేరింగు పోతుంది. పోయింది. ఒకటి కాదు, రెండు వైపులా. షాఫ్టు లేకుండా బండి కదపాల్సి వస్తే పాత జాయింటు కాడ ఒకటి పెట్టి నట్టు బిగించుకోండి.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, సెకండ్ గేరులో గట్టిగా నొక్కితే స్టీరింగు ఒక పక్కకి గుంజుతుంది. పొట్టి వైపు 302, పొడుగు వైపు 560, కోణాలు కూడా వేరు, కాబట్టి గుంజక ఏం చేస్తుంది. కంపెనీలవాళ్ళు దీనికి ఇంజిన్ బ్లాకు మీద బేరింగు పెట్టి మధ్యలో ఒక ఇంటర్మీడియెట్ షాఫ్టు వేసి రెండు వైపులా సమానం చేస్తారు. నా బండికి అది చేయాలంటే మళ్ళీ బ్రాకెట్టు, మళ్ళీ బేరింగు, మళ్ళీ పైపులతో కొలతలు. మట్టిలో ఎలాగూ బండి అటూ ఇటూ పోతూనే ఉంటుంది, వదిలేశాను. బయటి జాయింట్లు 800వే, అవే బలహీనం, స్టీరింగు పూర్తిగా తిప్పి క్లచ్ ఠపీమని వదిలితే పోతాయి. స్పేరు రెండు డిక్కీలో పడేసి ఉంచుతున్నాను. మలుపులో టకటకమంటే బయటిది, నేరుగా వెళ్తూ గట్టిగా నొక్కినప్పుడు బండి వణికితే లోపలిది, ఇంతవరకూ రెండూ వినపడలేదు.

కడ్డీలు బిగించే ముందు రెంటి మీదా ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్ల పెయింటుతో సన్నగా ఒక తిన్నని గీత గీశాను. కడ్డీ శాశ్వతంగా మెలి పడితే ఆ గీత జడలా తిరుగుతుంది. మొన్న మూడో ఈవెంటు అయ్యాక కిందకి దూరి టార్చి వేసి చూశాను. పొట్టిదాని గీత తిన్నగానే ఉంది. పొడుగుదాని గీత చక్రం వైపు చివర జాయింటు మీది రబ్బరు బూటు దగ్గర కొంచెం పక్కకి తిరిగినట్టు అనిపించింది, తిరిగిందో, నేను గీసేటప్పుడే చెయ్యి వణికిందో. స్కేలు పెట్టి ఫొటో తీసి పెట్టుకున్నాను, తరవాతి ఈవెంటు అయ్యాక పక్కన పెట్టి చూడాలి.